రెండు రోజుల్లో పన్నెండు కేకులు

పక్కింటి వదిన మొన్న రాత్రి ఫోన్లో ఒక పోస్టర్ పంపింది. "బిగినర్స్ కేక్ డెకరేషన్ క్లాస్. 2 రోజుల్లో 12 మోడల్స్. నోట్స్, సర్టిఫికెట్ ఇవ్వబడును." కింద బొమ్మ కేకు, రెయిన్‌బో కేకు, కారు ఆకారం కేకు, రెండంతస్తుల పెళ్లి కేకు ఫొటోలు. దాని వెనకాలే వదిన మెసేజ్: "పోవాల్నా వద్దా? నువ్వు నేర్చుకున్నవ్ కదా, జర చెప్పు."

"వద్దు వదినా, పైసలు దండగ" అని టైపు చేసి, పంపే ముందు తుడిపేశాను. అంత తేలిగ్గా తేల్చేయడం నాకే సబబు అనిపించలేదు. నాలుగేళ్ల కింద ఇలాంటి క్లాసుకే నేనూ వెళ్లాను. 3,500 రూపాయలు కట్టాను. ఇంటి పని, స్కూలు పని రెండూ పక్కన పెట్టి నాకోసం నేను కూర్చున్న రోజులవి, ఎంత సంతోషంగా గడిచాయో ఇంకా గుర్తుంది. కానీ అక్కడ చూసింది ఏదీ నా చేతికి రాలేదు. ఎందుకు రాలేదో అర్థం కావడానికి ఇంకో ఏడాది, ఇంకో క్లాసు పట్టాయి. వదినకు రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ఇది. కేకు అలంకరణ మొదటిసారి నేర్చుకునేవాళ్లకు పన్నెండు రకాలు చూపించే క్లాసుతో పనిలేదు. ఏ బొమ్మా లేని సాదా కేకును వాళ్ల చేతులతోనే పదేపదే చేయించే క్లాసు కావాలి. నల్లగొండలో అది వెతికితే తప్ప దొరకదు. దొరక్కపోవడానికి నేర్పేవాళ్లు కొంత కారణమైతే, నేర్చుకోవడానికి పోయే మనం అంతకంటే ఎక్కువ కారణం.

ఆ రెండు రోజులు

క్లాక్ టవర్ దగ్గర ఒక మేడమీది హాల్లో పెట్టారు. మేం ఇరవై ఆరు మందిమి. ముందు పెద్ద బల్ల, దాని వెనక హైదరాబాద్ నుంచి వచ్చిన మేడమ్. ఆమె చేతిలో మంచి పనితనం ఉంది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. క్రీము ఆమె చెప్పినట్టు వినేది. కోన్‌లోంచి గులాబీ రేకులు ఒకదాని వెనక ఒకటి వచ్చి వాటంతట అవే కూర్చున్నట్టు ఉండేవి. మేమందరం ఫోన్లు పైకెత్తి పట్టుకుని వీడియోలు తీస్తూనే ఉన్నాం.

"ఇట్ల పట్టుకుని, ఇట్ల తిప్పి, ఇట్ల వదిలేయండి" అనేది మేడమ్. ఆ నోట్‌బుక్ నా దగ్గర ఇంకా ఉంది. రెండో పేజీలో నా చేతిరాతతో "ఇట్ల తిప్పి వదలాలి" అని రాసుకున్నాను. ఎట్ల తిప్పాలో పేజీలో లేదు. ఉండదు కూడా, అది రాసుకుంటే వచ్చే సంగతి కాదు.

మేం వెళ్లేసరికి స్పాంజ్‌లు అన్నీ కాల్చి, చల్లార్చి, మూడు పొరలుగా కోసి సిద్ధంగా ఉన్నాయి. క్రీము గిలకొట్టి ఫ్రిజ్‌లో ఉంది. రంగులు కలిపి ఉన్నాయి. రెండు రోజుల్లో పన్నెండు కేకులు కావాలంటే అలాగే చేయాలి, వేరే దారి లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక్కొక్కరికీ పైపింగ్ బ్యాగ్, అంటే క్రీము నింపి నొక్కే సంచి, చేతికిచ్చారు. బటర్ పేపర్ మీద ఒక పువ్వు వేసి పక్కవాళ్లకు ఇచ్చేయాలి. నాకు ఐదు నిమిషాలు వచ్చింది. సాయంత్రం పన్నెండు కేకులు వరసగా పెట్టి, సర్టిఫికెట్లు పట్టుకుని ఫొటో దిగాం. ఇంటికొచ్చి ఆ ఫొటో స్టేటస్ పెడితే నలభై మంది మెచ్చుకున్నారు. ఆ కేకుల్లో నా చెయ్యి పడింది ఒక్కటి కూడా లేదు.

మే నెలలో

ఆ తర్వాతి మే నెలలో మా అక్క కొడుకు పుట్టినరోజు. కేకు నేనే చేస్తానన్నాను. కిలో బటర్‌స్కాచ్. మన దగ్గర మే నెల సంగతి చెప్పనక్కర్లేదు, బయట 44 డిగ్రీలు, మా రేకుల వంటింట్లో పొయ్యి ఆర్పినా వేడి దిగదు.

స్పాంజ్ బాగానే పొంగింది. ఆత్రం కొద్దీ గోరువెచ్చగా ఉండగానే కోశాను, పొడిపొడిగా రాలింది. ఒక పక్క రెండు వేళ్ల మందం, ఇంకో పక్క వేలెడు. విప్పింగ్ క్రీమ్ ప్యాకెట్టు గడ్డకట్టి ఉందని పొద్దున్నే ఫ్రీజర్లోంచి తీసి గట్టు మీద పెట్టాను. పదకొండు గంటలకు బీటర్ పెడితే మొదట నురుగు వచ్చింది, తర్వాత పొంగింది, ఇంకాస్త గట్టిపడాలని ఇంకాస్త తిప్పాను. చూస్తుండగానే నున్నదనం పోయి, విరిగిన పాలలాగా పలుకులు పలుకులుగా అయింది. ఇంకా తిప్పితే సర్దుకుంటుందేమోనని ఇంకా తిప్పాను.

దాన్నే పూశాను. పై పొర ఒక పక్కకు జరగడం మొదలైంది. చేత్తో పట్టి నెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఆగింది, బయటికి తీస్తే చెమటలు పట్టి మళ్లీ జారింది. వాడు కోశాడు, పిల్లలందరూ తిన్నారు. "రుచి మంచిగున్నదే" అంది అక్క. వాడు మాత్రం కేకు చుట్టూ ఒకసారి తిరిగి, "చిన్నమ్మా, పువ్వులు ఏస్తనన్నవ్ కదా?" అని అడిగాడు. ఆరేళ్ల పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ రాత్రి నోట్సు తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. పన్నెండు కేకుల కొలతలు ఉన్నాయి. డాల్ కేకు గౌనుకు ఎన్ని మడతలు వేయాలో ఉంది. గడ్డకట్టిన క్రీము ముందురోజే ఫ్రీజర్‌ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోవాలని లేదు. కొద్దిగా ఐసు పలుకులు ఉండగానే గిలకొట్టడం మొదలుపెట్టాలని, గిన్నె, బీటర్ పుల్లలు కూడా చల్లగా ఉండాలని లేదు. స్పాంజ్ పూర్తిగా చల్లారాక చుట్టిపెట్టి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి కోస్తే పొడి రాలదని లేదు. మేడమ్ దాచిపెట్టిందని నేను అనను. ఆమెకు అవి చెప్పాల్సినవిగా కూడా తోచి ఉండవు, ఎన్నో ఏళ్లుగా ఆమె చేతులే ఆ పని చేసుకుపోతున్నాయి. పైగా ఆ హాల్లో ఏసీ ఉంది. నేర్చుకున్న ఇరవై ఆరు మందిలో ఎంతమంది వంటింట్లో ఏసీ ఉంటుంది?

దారం లేని సూది

ఆ రోజుల్లోనే నాకు కుట్టుమిషన్ నేర్చుకున్న కాలం గుర్తొచ్చింది. 1998, ఇంటర్ అయిపోయిన వేసవి. ప్రకాశం బజార్ వెనక ఒక అక్క నేర్పేది. మొదటి పది రోజులు మాకు గుడ్డ ముక్క కూడా ఇవ్వలేదు. మిషన్‌కు దారం తీసేసి, గీతల నోట్‌బుక్ కాగితం పెట్టి తొక్కమనేది. సూది చేసిన చిల్లులు గీత మీదే పడాలి. గీతలు వచ్చాక చదరాలు, చదరాలు వచ్చాక గుండ్రాలు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి "మళ్ల తొక్కు" అనేది. విసుగొచ్చి ఏడ్చిన రోజు కూడా ఉంది. ఇరవై ఏళ్లు దాటినా నా జాకెట్లు నేనే కుట్టుకుంటున్నాను. ఆ పది రోజుల్లో నేను కుట్టింది ఏమీ లేదు, కాలికీ చేతికీ పొత్తు కుదిరింది.

కేకుకు అలాంటి పది రోజులు ఎవరు ఇస్తారని వెతికితే, చాలా రోజులకు రామగిరిలో ఒకామె ఉందని తెలిసింది. ఇంట్లోనే ఎన్నో ఏళ్లుగా ఆర్డర్లు చేస్తోంది. ఆరు ఆదివారాలు, రోజుకు మూడు గంటలు, నలుగురికి మించి తీసుకోదు. పోస్టర్ లేదు, సర్టిఫికెట్ లేదు. ఆమెను మేం అమ్మా అని పిలిచేవాళ్లం, ఆమె మమ్మల్ని బిడ్డా అనేది.

మొదటి ఆదివారం అక్కడ కేకే లేదు. టర్న్‌టేబుల్ అనే తిరిగే చిన్న బల్ల మీద ఒక స్టీలు గిన్నె బోర్లించి పెట్టింది. డాల్డా, పొడి చక్కెర కలిపి గిలకొట్టిన ముద్ద ఇచ్చింది. దాన్ని గిన్నెకు పూయాలి, నున్నగా చేయాలి, ఆమె చూశాక గీకి మళ్లీ ముద్దలో కలపాలి, మళ్లీ పూయాలి. తినేది కాదు కాబట్టి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఆ మూడు గంటల్లో నేను పద్నాలుగు సార్లు పూశాను.

ఆరోసారి దాకా నా గిన్నె మీద క్రీము పూసే కత్తి గాట్లే. నున్నగా చేద్దామని కత్తిని గిన్నె చుట్టూ తిప్పుతున్నాను, ఎడమ చేత్తో బల్లనూ తిప్పుతున్నాను. అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని అలాగే ఆపేసింది. "కత్తి కదలొద్దు బిడ్డా. కేకు తిరగాలె." కత్తి అంచు నిటారుగా, గిన్నెకు కొంచెం వాలుగా ఆనించి ఉంచి, ఎడమ చేత్తో బల్లను ఆపకుండా ఒక్క చుట్టు తిప్పమంది. సగంలో ఆపితే ఆపిన చోట గీత పడుతుంది. ఆ చుట్టు తిరిగినంతసేపూ నా కుడి చేయి ఏమీ చేయలేదు, ఊరికే ఉంది. అలా ఊరికే ఉండడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. చుట్టు పూర్తయ్యాక కత్తికి ముద్దంతా ఒక్క అంచున చేరింది, గిన్నె గోడ తడిపిన సున్నంలా మెరిసింది. నాలుగేళ్ల కింద హాల్లో మేడమ్ చేసింది కూడా ఇదే, పన్నెండు సార్లు నా కళ్ల ముందే చేసింది. నా కళ్లు ఆమె కుడి చేతి మీదే ఉన్నాయి. పని చేస్తున్నది ఎడమ చేయి.

రెండో ఆదివారం ఇంకా విచిత్రం. "ఇయ్యాల అందరూ క్రీము చెడగొట్టాలె" అంది. తలా ఒక కప్పు క్రీము ఇచ్చి, బీటర్ ఎత్తితే క్రీము మెత్తటి కొమ్ములా నిలబడేదాకా ఒకసారి, గట్టి కొమ్ము నిలబడేదాకా ఒకసారి ఆపి చూపించమంది. ఆ తర్వాత ఆపకుండా తిప్పమంది. నున్నటిది పలుకుగా మారే ఆ క్షణం ఏ నిమిషాన వస్తుందో, బీటర్ శబ్దం ఎలా బరువెక్కుతుందో, గిన్నె అంచున గీతలు ఎలా చెదురుతాయో మా కళ్లతో చూశాం. చెడిపోయాక, గిలకొట్టని చల్లటి క్రీము రెండు చెంచాలు పోసి గరిటెతో మెల్లగా కలిపించింది. తిరిగి నున్నబడింది. మే నెలలో నేను పడ్డ బాధకు మందు రెండు చెంచాలే. భయపడిన దాన్ని ఒకసారి కావాలని చేసి చూస్తే భయం పోతుంది. ఇది రెండు రోజుల క్లాసులో చేయించడం కుదరదు, ఇరవై ఆరు కప్పుల క్రీము చెడగొట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

మూడో వారం కోయడం. ముందు చుట్టూ కత్తితో గీత పెట్టుకుని, కేకును అరచేత్తో తిప్పుతూ లోపలికి పోవడం. నాలుగో వారం స్టీలు పళ్లెం వెనక వైపు క్రీముతో గవ్వల్లాంటి అంచు వేయడం. నొక్కు, ఆపు, తర్వాత లాగు. నొక్కడం ఆపకముందే లాగితే తోక మిగులుతుంది. బ్యాగ్ సగమే నింపుకోవాలి, ఎండాకాలంలో అరచేతి వేడికే క్రీము జారిపోతుంది, మధ్యమధ్య చేతులు చల్లటి నీళ్లలో ముంచి తుడుచుకోవాలి. ఐదో వారం బ్యాగ్ కొసన పెట్టే నక్షత్రం నాజిల్‌తో గులాబీలు. ఆరో వారం ఒక్కటంటే ఒక్క పైనాపిల్ కేకు, మొదటి నుంచి చివరి దాకా ఎవరిది వాళ్లే. అంచుకు గవ్వలు, పైన ఐదు పువ్వులు, అంతే.

మనకు ముగ్గు వచ్చు కదా

ఇది నాతో చాలామంది వాదించారు. ముగ్గులు వేసిన చేతులు, సకినాలు చుట్టిన చేతులు, బతుకమ్మ పేర్చిన చేతులు, వీటికి మళ్లీ ఓనమాలు ఎందుకు, మోడల్ చూపిస్తే చాలదా అని. నేనూ మొదట అలాగే అనుకున్నాను. చేసి చూస్తే సకినాల చేయి పైపింగ్‌కు సాయం చేయలేదు. సకినంలో పిండిని బొటనవేలు, చూపుడువేలు మెలిపెడుతుంటే చేయి చుట్టూ తిరుగుతుంది. పైపింగ్‌లో బలమంతా అరచేతిది, ఎంత నొక్కాలి, ఎప్పుడు మానాలి అన్నదే పని. ముగ్గు కొంత పనికొచ్చింది, చుక్క దూరం కొలిచే కన్ను ఉంది కాబట్టి.

బతుకమ్మ మాత్రం నిజంగా పనికొచ్చింది. గునుగు మొదటి వరుస ఎగుడుదిగుడుగా ఉంటే మూడో వరుసకే వాలిపోతుందని మనకు తెలుసు. కేకు పొరలదీ అదే లెక్క. కానీ బతుకమ్మ మనకు ఎలా వచ్చిందో గుర్తుచేసుకోండి. చిన్నప్పుడు మాకు పేర్చనిచ్చేవాళ్లు కాదు. గునుగు కాడలు ఒకే పొడవున కత్తిరించి కట్టలు కట్టడం మా పని. నాయనమ్మ ఆ కట్టలు చూసి, పొడుగైనవి తిరిగి మా ముందు పడేసేది. పెత్రమాస నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ కాడలు కోయడమే. మరుసటి ఏడు పూలకు రంగులు అద్దడం. పళ్లెంలో గుమ్మడి ఆకులు పరిచి మొదటి వరుస పేర్చనిచ్చింది నాకు పన్నెండేళ్లప్పుడు. మన ఇళ్లలో నేర్పే పద్ధతి కాడలతో మొదలవుతుంది. కేకు దగ్గరికి వచ్చేసరికి మనం సద్దుల బతుకమ్మతో మొదలుపెట్టమని అడుగుతున్నాం.

ఈ పని నేర్పడంలో పేరుమోసినవాళ్లూ మెల్లగానే నేర్పారు. 1929లో షికాగోలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ అనే ఆయన కేకు అలంకరణ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. మన బేకరీ సామాన్ల షాపులో "1ఎం ఇవ్వండి" అని అడిగే నాజిల్ నంబరు ఆయన పేరున్న కంపెనీదే. వాళ్ల క్లాసులు చాలాకాలం వారానికొక పాఠం చొప్పున నడిచాయి. పాఠానికీ పాఠానికీ మధ్య వారం రోజులు ఇంట్లో చేసి చెడగొట్టుకునే వీలుంటుంది. చెడిన చోటు గుర్తుపెట్టుకుని వచ్చి అడగవచ్చు. నేను అమ్మను అడిగిన మంచి ప్రశ్నలన్నీ సోమవారం నుంచి శనివారం మధ్య పుట్టినవే.

వీడియోలు ఉండగా క్లాసు దేనికి అనేవాళ్లకు ఒక్క మాట. వీడియోలు నాకు ఇప్పుడు చాలా ఉపయోగపడుతున్నాయి, చేయి కుదిరాక. అంతకుముందు ఏ వీడియో నా మణికట్టు పట్టుకుని ఆపలేదు.

దేవరకొండ చెల్లె

ఇంతవరకు రాసింది చదివితే రెండు రోజుల క్లాసులు పెట్టేవాళ్లు మోసం చేస్తున్నారని నేను అంటున్నట్టు ఉంటుంది. అలా అనలేను, ఒక మనిషి వల్ల.

ఆ మొదటి క్లాసులో నా పక్కన కూర్చున్నది దేవరకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. నాలుగేళ్ల పాపను అత్తమ్మ దగ్గర వదిలి వచ్చింది. టీ తాగేటప్పుడు నేను ఇంకొన్ని రోజులు నేర్పితే బాగుండు అంటే ఆమె నా వైపు చూసి, "ఈ రెండు రోజులకే నెల కిందటి నుంచి బతిమాలిన అక్కా. ఆరు రోజులంటే నన్నెవరు పంపిస్తరు?" అంది.

ఆరు ఆదివారాలు నాకు కుదిరాయి. నా ఉద్యోగానికి ఆదివారం సెలవు ఉంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, క్లాసు మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఇంత సులువుగా కుదిరినదాన్ని అందరూ చేయాలని చెప్పడం తప్పే. ఈ సందేహం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆమె ఇప్పుడు వాళ్ల ఊళ్లో కేకులు అమ్ముతోంది. డిసెంబర్ 31 రాత్రికి ఆర్డర్లు పట్టలేక తమ్ముడిని కూడా కూర్చోబెట్టుకుందట. డాల్ కేకు ఫొటోలు పంపింది, గౌను మడతలు ముచ్చటగా ఉన్నాయి. అదే క్లాసు, అదే నోట్సు, నాకు రానిది ఆమెకు ఎలా వచ్చిందని ఫోన్ చేసి అడిగాను. అప్పుడు చెప్పింది. క్లాసుకు రాకముందు రెండేళ్లుగా ప్రెషర్ కుక్కర్లో అడుగున ఉప్పు పోసి కేకులు కాలుస్తోందట. చుట్టుపక్కల పిల్లల పుట్టినరోజులకు సాదా క్రీము పూసి ఇచ్చేదట. "పూసుడు వచ్చు అక్కా. వాళ్లు ఫోన్ల ఫొటో చూపించి గిట్ల కావాలె అంటరు కదా, అది ఎట్ల నిలబెట్టాల్నో తెల్వక వచ్చిన."

పోస్టర్ మీద బిగినర్స్ అని రాసిన క్లాసు ఆమెకు సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే ఆమె బిగినర్ కాదు. కుక్కర్లో చెడిన కేకులే ఆమె ఆరు ఆదివారాలు. రెండు రోజుల క్లాసు మంచిదే, దాని మీది పేరు తప్పు. "సాదా కేకు పూయడం వచ్చినవాళ్లకు మాత్రమే" అని ఒక లైను రాస్తే నాలాంటివాళ్లు 3,500 కట్టి నాకు చేతకాదని ఏడాదిపాటు అనుకుంటూ తిరగరు. నిజంగా నాకు కోపం వచ్చేది ఇక్కడే. డబ్బు పోతే పోయింది. ఆ క్లాసు నుంచి వచ్చి ఒక కేకు చెడగొట్టి, "మన చేతికి రాదులే" అని బీటర్‌ను అటక మీద పెట్టేసినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు. వాళ్ల చేతికి రాకపోవడం కాదు, వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఎవరూ చెప్పనివి

ఓనమాల క్లాసు అంటే పొరలు, పూత మాత్రమే అని నేను అనుకోవడం లేదు. మనం క్రీము అంటున్న ప్యాకెట్లు ఎక్కువగా పాల మీగడ కావు. పామ్ కెర్నెల్ లాంటి నూనెలను గడ్డకట్టించి చేసినవి, లేబుల్ మీద నాన్ డెయిరీ అని ఉంటుంది. మన ఎండలకు అదే నిలబడుతుంది, వెన్నతో చేసిన క్రీము 30 డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది, కాబట్టి వాడొద్దని చెప్పను. వాడేది ఏమిటో తెలిసి వాడాలి. 2022 జనవరి నుంచి నూనెల్లోనూ, నూనెలు వాడి చేసిన తిండిపదార్థాల్లోనూ ఉన్న కొవ్వులో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రత సంస్థ) నిబంధన ఉంది. ప్యాకెట్ తిప్పి చూసే అలవాటు మొదటి రోజే చేయించాలి.

రంగులదీ అంతే. తిండిలో వాడడానికి మన దేశంలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే, అవి కూడా కొలతకు లోబడి. చిక్కటి ఎరుపు, నలుపు కావాలని తెల్ల క్రీములో జెల్ రంగు కలుపుతూ పోతే చేదెక్కుతుంది. నలుపు కావాలంటే చాక్లెట్ క్రీముతో మొదలుపెట్టాలి, ఎరుపు కలిపి కొన్ని గంటలు వదిలితే దానంతట అదే ముదురుతుంది. మొదటి క్లాసులో మేం సూపర్‌మ్యాన్ కేకు చూశాం. ఆ ఎరుపుకు ఎంత రంగు పోసిందీ చూశాం. చిన్నపిల్లలు తినేదని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, నాకూ రాలేదు.

అమ్ముదామనుకునేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ సంగతి కూడా చెప్పాలి. దేవరకొండ చెల్లె చేయించుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయల ఫీజు, 12 లక్షల లోపు అమ్మకాలకు అది సరిపోయింది. అది కావాలని ఆమెకు తెలిసింది క్లాసులో కాదు, సామాన్ల షాపతను చెబితే.

వదినకు ఏం చెప్పాను

నిన్న సాయంత్రం వదిన ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఒక మాట అడిగాను, ఇప్పటిదాకా ఎన్ని కేకులు చేశావని. రెండు అంది, రెండూ కుక్కర్లో, క్రీము లేకుండా. అయితే ఈ పోస్టర్ క్లాసు నీకు ఇప్పుడు వద్దు, వచ్చే ఏడాది తప్పకుండా పో అన్నాను. "మరి నువ్వు పోయిన ఆరు వారాలది ఉన్నదా?" అంది.

ఫోన్ చేస్తే రామగిరి అమ్మ చెప్పింది, ఏడాదిగా క్లాసు పెట్టడం లేదని. అడిగినవాళ్లందరూ ముందు ఎన్ని మోడల్స్ నేర్పిస్తారని అడుగుతారట. ఒక్కటే అంటే ఫోన్ పెట్టేస్తారట. పోయినసారి ఇద్దరే చేరారు, క్రీముకూ కరెంటుకూ కూడా రాలేదు. ఆమెకు యాభై తొమ్మిదేళ్లు, మోకాళ్లు నొప్పి. పోస్టర్ వేయమని నేను గట్టిగా అడగలేను. పన్నెండు కేకుల ఫొటోలు పెట్టిన పోస్టర్ పక్కన బోర్లించిన స్టీలు గిన్నె ఫొటో పెడితే ఎవరు చూస్తారు, మొదట్లో నేనైనా చూసేదాన్ని కాదు. నేర్పేవాళ్లు మనం అడిగిందే పెడతారు.

"నలుగురు దొరికితే దసరా అయినంక చెప్త బిడ్డా" అంది చివరికి. వదిన పేరు ఇచ్చాను. వదిన వాళ్ల చెల్లెలు కూడా వస్తానంది. నా టర్న్‌టేబుల్, కత్తి వదిన ఇంట్లోనే ఇచ్చి వచ్చాను, ఈలోపు గిన్నె బోర్లించి తిప్పుకోమని. నల్లగొండలో ఉన్నవాళ్లు, చుట్టుపక్కల నుంచి ఆదివారం పొద్దున వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్లగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకా ఇద్దరు కావాలి.